విషపు పీపా వల్ల కలిగిన మేలు

నిజం వల్ల తలకాయలు పగులుతాయి. అబద్ధం వల్ల నాకు తెలిసి ఒక్క తలకాయా పగల్లేదు. కాబట్టి పాఠక మహాశయులారా, శాంతి కోరేవాళ్ళంతా అబద్ధాన్ని ఆదరించాలని మనవి. ఇది గాలి కబురు కాదు. మా రాజోలు దాపున జరిగిందే చెబుతున్నాను.

కిందటేడు ఉత్తరాదిన సిపాయిల గొడవ జరుగుతూండగా, గోదావరి మా ఊరికీ అవతలి ఊరికీ నడుమ కొత్త లంక వేసింది. మెత్తటి ఒండ్రు, ఏది చల్లినా మొలిచే నేల. మాదంటే మాదని రెండూళ్ళూ పట్టుబట్టేయి. అవతలి మునసబు బంగారరాజు గారు రెండు వందల మందిని దుడ్డుకర్రలతో పోగేసేరు. మా మునసబు బుచ్చిరాజు గారికి దొరికింది ముప్పై మంది. అందులో సగం మందికి చలిజ్వరం.

ఏం చెయ్యాలో తోచక ఆయన బడిపంతులునైన నా దగ్గరికొచ్చేరు. సంగతి నాకొదిలెయ్యమన్నాను.

రష్యా యుద్ధంలో దొరలు దాచిపెట్టిన గంధకపు విషం ఒక పీపాడు యానాం రేవు మీదుగా మా ఊరు చేరిందనీ, మూత తీస్తే ఆ పొగకి ముందు కళ్ళు, తరవాత ప్రాణం పోతాయనీ సంతలో నలుగురి చెవినీ వేశాను. పీపా నిజమే. అందులో ఉన్నది పడవలకి పూసే తారు. దానికి కుంకం బొట్లు పెట్టించి, కాపలావాళ్ళ ముక్కులకి గుడ్డలు కట్టించాను. అసలు సంగతి బుచ్చిరాజు గారికి కూడా చెప్పలేదు. మనవాళ్ళు నిజంగా భయపడితేనే కదా ఎదటివాళ్ళు నమ్ముతారు!

రెండు వందల కర్రలూ ఇళ్ళకి పోయేయి. వారం తిరక్కుండా అవతలి ఒడ్డుకి రెండు పీపాలు వచ్చేయని తెలిసింది. వెంటనే మాకు నాలుగొచ్చేయి. లంక మీద ఎవరూ కాలు పెట్టలేదు. ఇంతకన్న శాంతి ఏ కలెక్టరు దొర తేగలడు?

విషం గోదాట్లో కలిసిందన్న పుకారు మాత్రం నాది కాదు. అది నా పుకారు కన్న బిడ్డ. చేపలు కొనేవాళ్ళు లేకపోయేరు. చేపలు పట్టి బతికే చిన్నబ్బాయనే అతని ఇంట్లో మూడ్రోజులు పొయ్యి వెలగలేదు. అతని భార్య అప్పలమ్మ వచ్చి నా అరుగు ముందు నిలబడింది.

"ఆ పీపాలో ఏముందో మీకు తెలుసు గదండీ, పంతులు గారూ. ఆ ఒక్క మాటా ఊళ్ళో చెప్పండి."

నేను లోకశాంతిని తలుచుకుని, తెలీదన్నాను.

ఆవిడ తిన్నగా వెళ్ళి, కాపలావాళ్ళు పారిపోతూండగా పట్టపగలు మూత తీసి, మోచేతి దాకా ముంచి, నల్లటి చెయ్యి ఊరందరికీ చూపించింది. ఊరు ఆలోచించింది. అవతలివాళ్ళ మనిషి గనకనే విషం ఆవిణ్ణి ఏమీ చెయ్యలేదని తేల్చి, మొగుడూపెళ్ళాల్ని వెళ్ళగొట్టింది. పడవేసుకుని అవతలికి వెళ్తే, వీళ్ళు మా ఊరి వేగులవాళ్ళని చెప్పి అక్కడా దిగనివ్వలేదు. చివరికి సముద్రం వైపు పోయేరు. పడవ కనుమరుగయ్యేదాకా గట్టున నిలబడి చూశాను.

శ్రావణంలో వరదొచ్చి లంకని ఎత్తుకుపోయింది. పీపాల కాపలా మాత్రం సాగుతూనే ఉంది.

మొన్న ఉండబట్టలేక బుచ్చిరాజు గారి దగ్గరికెళ్ళి, అది ఉత్త తారేననీ, అంతా నా కల్పనేననీ ఒప్పేసుకున్నాను. ఆయన ఎంతో మర్యాదగా అడిగేరు:

"ఆయ్. తమరు ఎప్పట్నించండీ, అవతలివాళ్ళ మనిషి?"