ఉపవాసంతో ఒళ్ళు చేసిన విధం

మార్చి ఆరో తేదీ, గురువారం. మధ్యాహ్నం ఆల్చిప్పల పులుసులో ఉడికించిన చేతికోత నూడుల్స్ రెండు గిన్నెలు తిన్నాను. నంజుకోవడానికి ముల్లంగి కిమ్చి. చివర్లో గిన్నె ఎత్తి అడుగున మిగిలిన పులుసు కూడా తాగేశాను. ఇంత బాగా ఎందుకు గుర్తుందంటారా? ఆ రోజు నాకు ఉపవాసం!

నవ్వకండి. ఉపవాస ప్రార్థన ఒంటికి పడుతుందనీ, దానివల్ల మనిషి రెండున్నర కిలోలు పెరుగుతాడనీ సంఘపెద్దగా నేను ఎక్కడైనా నిలబడి చెప్పగలను. ఇద్దరి మీద పరీక్షించి చూశాను. అందులో ఒకణ్ణి నేనే.

ఈ రోజుల్లో ఉపవాసం పాడైపోయిందని గొణిగే ముసలివాళ్ళు మా కొరియా రేవు పట్టణం గున్‌సాన్‌లో ఇంకా కొందరున్నారు. వాళ్ళ కాలంలో కొండమీది ప్రార్థనాలయానికి ఎక్కి, చాప మీద మోకరించి, మూడు రోజులు మంచినీళ్ళతో గడిపి, దిగివచ్చాక కూడా ఎవరికీ చెప్పేవాళ్ళు కాదట. ఎంత స్వార్థం! నేను పస్తున్నానని పక్కవాడికి తెలియకపోతే వాడికేం మేలు జరిగినట్టు?

ఇప్పుడు చూడండి. మా రేవు చర్చి ఫోన్ గ్రూపులో తెల్లవారకముందే ఖాళీ గిన్నె ఫోటో వస్తుంది. ఎనిమిదింటికి బోర్లించిన చెంచా ఫోటో. మధ్యాహ్నం గ్లాసుడు మంచినీళ్ళు, పక్కన కళ్ళద్దాలు, కిటికీలోంచి ఏటవాలుగా పడే ఎండ. కింద నూటపదిమంది పెట్టిన జోడించిన చేతుల బొమ్మలు. ఒకావిడ ఖాళీ గిన్నె మీద వెలుతురు బాగా పడాలని కొత్త దీపం కొనుక్కుంది. తినేవాళ్ళ ఫోటో చూస్తే మనకు ఆకలేస్తుంది. తిననివాళ్ళ ఫోటో చూస్తే ఇంకా ఎక్కువ వేస్తుంది. ఎటు చూసినా జీర్ణశక్తికి మేలే!

ఇంత గొప్ప ఏర్పాటు ఒక నిండు ప్రాణం మీద ఎలా పనిచేసిందో చెబుతాను.

హామ్ సున్‌బొక్ అక్కకు డెబ్బై ఒకటి. ఇరవై ఆరేళ్ళుగా ఆదివారం ఆరాధన ముగిశాక సంఘమంతటికీ వండిపెట్టే మనిషి. పాస్టరు బాంగ్‌గారి ప్రసంగం పొడుగైందంటే వంటగదిలో మూకుడు ఒకటి గట్టిగా మోగేది. ఆయన వెంటనే ఆమెన్ అనేవారు.

ఫిబ్రవరిలో ఆవిడ గుండె కవాటం మొరాయించింది. ఆపరేషన్ చెయ్యక తప్పదు. కానీ మనిషి ముప్పై ఎనిమిదిన్నర కిలోలే ఉంది. "నలభై కిలోలకు రాకపోతే నేను కత్తి పెట్టను, తట్టుకోలేదు. అలాగని వదిలేస్తే ఈ వేసవి దాటదు. ఇంటికి తీసుకెళ్ళి బాగా తినిపించండి" అన్నాడు డాక్టరు.

తినిపించండి అన్నాడు. మా సంఘం ఏం చేసింది? ఉపవాసం మొదలుపెట్టింది!

ఇరవై ఒక్క రోజుల గొలుసు ఉపవాసం. ప్రార్థన విభాగం చూసుకునే ప్యో హేరాన్ గోడకు చార్టు అంటించింది. రోజుకు మూడు పూటలు, పూటకో గడి. గడిలో పేరు రాసినవాళ్ళు ఆ పూట మానేసి, సరిగ్గా ఆ భోజన వేళకే సున్‌బొక్ అక్క ఇంటికి వెళ్ళి, పక్కన కూర్చుని గంటసేపు ప్రార్థించాలి. సాయంత్రానికల్లా చార్టు నిండిపోయింది. నేను వెళ్ళేసరికి పదో రోజు మధ్యాహ్నం ఒక్కటే మిగిలింది.

వారం తిరిగాక బరువు చూశారు. ముప్పై ఏడు!

డాక్టరు తల పట్టుకున్నాడట. మేమెందుకు పట్టుకుంటాం? "ఇది మన విశ్వాసానికి పరీక్ష" అన్నారు పాస్టరుగారు. ఇరవై ఒక్క రోజులను నలభై చేశారు. గ్రూపులో ఖాళీ గిన్నెలు రెట్టింపయ్యాయి.

నా వంతు వచ్చింది. బైబిలు చంకన పెట్టుకుని వెళ్ళాను. సున్‌బొక్ అక్క కిందినుంచి కాచిన వెచ్చని నేల మీద దుప్పటి కప్పుకుని గోడకు ఆనుకుని ఉంది. మూల ఒక పళ్ళెం, దాని మీద గుడ్డ. పొద్దున్నే ఒక సహాయకురాలు వచ్చి వండిపెట్టి వెళ్ళిపోతుంది. గుడ్డ ఎత్తి చూశాను. అన్నం ముట్టలేదు.

"పొద్దున తినలేదా అక్కగారూ?"

"ఎలా తింటాను పెద్దగారూ? ఏడింటికే హేరాన్ వచ్చింది. అది నా కోసం కడుపు మాడ్చుకుని కళ్ళు మూసుకు కూర్చుంటే, దాని ముందు నేను జుర్రుమంటూ సూపు తాగనా? సిగ్గుండొద్దూ!"

"పోనీ నిన్న రాత్రి?"

"నిన్న రాత్రి వచ్చినాయన ఏడ్చాడు కూడా. ఏడుస్తున్న మనిషి ఎదురుగా ముద్ద నోట్లో పెడతామా?"

"వాళ్ళు వెళ్ళాక తినొచ్చుగా!"

"అప్పటికి చల్లారిపోతుంది. ఒక్కదాన్నే చల్లన్నం ముందేసుకుంటే గొంతు దిగదు. ఇన్నేళ్ళూ రెండొందల మంది నోళ్ళు ఆడుతుంటే చూస్తూ తిన్నదాన్ని."

నేను వేళ్ళు మడిచాను. తొమ్మిది రోజులు దాటాయి. ఆవిడ కోసం మేమంతా తలా ఒక పూట మానేశాం. ఆవిడొక్కతే మా అందరి పూటలూ మానేసింది!

ఇంతలో ఆవిడ చూపు నా మీద పడింది. "మీ ముఖమేంటి అలా పీక్కుపోయింది? రాత్రి ఏం తిన్నారు?"

"ప్యాకెట్ నూడుల్స్."

"గిన్నెలో వేసుకునా? వండిన పాత్ర మూతలో వేసుకునా?"

"మూతలో."

"కూర్చునా, నిలబడా?"

నేను చంకలో బైబిలు సర్దుకున్నాను.

"ఇన్‌సన్ పోయి నాలుగేళ్ళు. నాలుగేళ్ళుగా నిలబడి మూతలో తింటున్నారా! ఆ పిండి డబ్బా ఇలా అందుకోండి."

ఇన్‌సన్ నా భార్య. ఆ పేరు గట్టిగా పలికే మనుషులు ఇప్పుడు పెద్దగా లేరు.

పిండి నేనే కలిపాను. నేనే ఒత్తాను, నేనే కోశాను. ఆవిడ గోడకు ఆనుకునే పెత్తనం చేసింది. "అవి నూడుల్సా, పడవ కట్టే తాళ్ళా?" "కత్తి అలా పట్టుకుంటారా? పిల్లలకు పాఠాలు చెప్పిన చేతులు ఇంత మొద్దువా!" పులుసు పొంగే వేళకు ఆవిడ బుగ్గలకు కాస్త రంగొచ్చింది.

రెండు గిన్నెలూ మధ్యలో పెట్టాను. ఆవిడ ముట్టలేదు. నా గడి, నా పేరు, నా ఉపవాసం అన్నీ ఒక్క క్షణం కళ్ళముందు తిరిగాయి. దేవా క్షమించు అనుకుని మొదటి ముద్ద నేనే తిన్నాను. ఆవిడ నా నోటినే చూస్తోంది. దవడ రెండుసార్లు ఆడిందో లేదో, ఆవిడ చెయ్యి చాప్‌స్టిక్స్ కోసం వెతుక్కుంది. గిన్నె ఖాళీ చేసి, "ఇంకో సగం వెయ్యండి" అంది.

ఆ సాయంత్రం హేరాన్‌ను అడిగాను. "ప్రార్థనకు భోజన వేళ కాకుండా మరో వేళకు వెళ్తే ఏమమ్మా?"

"భోజన వేళ కాకపోతే త్యాగం ఎక్కడుంది పెద్దగారూ?" అంది. నిజమేగా! త్యాగం ఎవరిదన్నది వేరే సంగతి.

అప్పుడు నేను గ్రూపులో ఒక చిన్న విన్నపం పెట్టాను. "ఎవరైనా తమ గడి నాకు ఇవ్వదలిస్తే సంతోషంగా తీసుకుంటాను." చూడాలి ఆ ఔదార్యం! మిగిలిన ముప్పై నాలుగు గడులూ గంటలో నా చేతికొచ్చాయి. పెంచిన పందొమ్మిది రోజులకు వేరే పేరే రాలేదు. నేను అబద్ధం చెప్పలేదు సుమా. "నా పేరు రాయండి" అన్నాను, అంతే. ఆ గడిలో కూర్చుని ఏం చేస్తానని ఎవరూ అడగలేదు.

ఏం చేశామంటే, తిన్నాం. గంజి తిన్నాం, కూరగాయలు కలిపిన అన్నం తిన్నాం, సోయా పులుసులో టోఫు తిన్నాం. ముద్దకు ముందు ప్రార్థన చేశాం, చాలా చిన్నది. అక్కకు పొడుగు ప్రసంగం అప్పుడూ పడదు, ఇప్పుడూ పడదు.

ఒకరోజు ఆవిడ సముద్రపు నాచు సూపు చేయించింది. చెంచా నోట్లో పెట్టుకోగానే ఆ రుచి నాకు తెలుసనిపించింది.

ఇన్‌సన్ మంచాన ఉన్నప్పుడు కూడా సంఘం నలభై రోజులు గొలుసు ఉపవాసం చేసింది. చార్టు నిండా పేర్లు. సున్‌బొక్ అక్క పేరు మాత్రం లేదు. అప్పట్లో నేనది గమనించాను, నొచ్చుకున్నాను కూడా. ఆ నెలంతా సాయంత్రాలు మా గుమ్మం ముందు మూతపెట్టిన గిన్నె ఒకటి ఉండేది. పక్కింటివాళ్ళు పెడుతున్నారనుకున్నాను. చివరి రోజుల్లో ఇన్‌సన్ గొంతు దిగింది ఆ సూపొక్కటే.

ఆవిరి కళ్ళద్దాలకు పట్టింది. చాలాసేపు తుడుచుకున్నాను. "సూపు చల్లారుతోంది" అంది అక్క.

ఏప్రిల్ ఒకటిన బరువు చూశారు. నలభై కిలోల రెండొందల గ్రాములు! నేనూ ఎక్కి చూసుకున్నాను. రెండున్నర కిలోలు పెరిగాను.

ఆ ఆదివారం పాస్టరుగారు నన్ను వేదిక మీదికి పిలిచారు. "నెల రోజుల నిరాహారం! అయినా మేంగ్ పెద్దగారి బుగ్గలు చూడండి. ఇది దైవకార్యం కాక మరేమిటి?" అన్నారు. దైవకార్యమేనని నేనూ నమ్ముతున్నాను. మా ఊళ్ళో ఏ శుభకార్యానికైనా పంచేదే నాకూ ఇచ్చారు: నీలి అక్షరాలు అచ్చువేసిన తువ్వాలు. 'నలభై దినాల గొలుసు ఉపవాసం, జ్ఞాపకార్థం.' దిగి వస్తుంటే హేరాన్ చెవిలో అంది, "పెద్దగారూ, మీ బెల్టు రెండు కన్నాలు వెనక్కి జరిగిందే!"

"ఉపవాసం ఉంటే ఒంటికి నీరు పడుతుందమ్మా" అన్నాను. అప్పటికి నేనాడిన అబద్ధం అదొక్కటే.

కాబట్టి ఉపవాసాలు మానకండి. చార్టులు ఇంకా పెద్దవి చెయ్యండి, గిన్నెల ఫోటోలు ఇంకా బాగా తియ్యండి. పేరు రాసిన పూట ఆ ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం జేబులో ఒక చెంచా వేసుకు వెళ్ళండి. ఇది చదివాక తువ్వాలు తిరిగి ఇమ్మంటారేమో, అది కుదరదు. దాంతో సున్‌బొక్ అక్క ఇప్పుడు చర్చి వంటగదిలో గిన్నెలు తుడుస్తోంది.

ఇంకొక్క తప్పు ఒప్పుకోవాలి. ఆ గడుల్లో నేను ఒక్క పూటా పస్తుండలేదు. ఉన్నది ఆ తర్వాత, గడి లేని పూట.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం నర్సు వచ్చి, మంచానికి 'నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు' అన్న అట్ట తగిలించి వెళ్ళింది. నేను పక్కన కుర్చీలో కూర్చున్నాను. కోటు జేబులో కింద కొట్లో కొన్న, నాచులో చుట్టిన అన్నం ముద్ద ఉంది. రెండుసార్లు తీశాను, రెండుసార్లూ లోపల పెట్టేశాను.

"కొట్టు మూసేస్తారు. వెళ్ళి ఏదైనా తినిరండి" అంది అక్క.

"తిన్నాను."

"ఏం తిన్నారు?"

నెల రోజులు వండటం నేర్పిన మనిషితో ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"మీ పొట్ట అరుపు ఇక్కడికి వినిపిస్తోంది పెద్దగారూ. పేరు రాయించారా?"

"లేదు."

"ఫోటో?"

"లేదు."

"అయితే ఇది లెక్కలోకి రాదు" అని, నవ్వుతూనే కళ్ళు మూసుకుంది. నేనూ మూసుకున్నాను.

కాసేపటికి నర్సు మళ్ళీ వచ్చింది. మా ఇద్దరినీ చూసి, దీపం తగ్గించి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసింది.