తాళం వేయువారి బాధ్యతలు

మనిషి కనిపెట్టిన సంగీతాలన్నిటిలోకీ స్వేచ్ఛ ఎక్కువగా ఉన్నది జాజ్ కాబట్టి, నిబంధనలు కూడా దానికే ఎక్కువ ఉండడం న్యాయమని కళాశాల పాలకవర్గం గ్రహించింది. గ్రహించి ఊరుకోకుండా ఒక ఉపసంఘాన్ని కూడా వేసింది. దాని పేరు, జాజ్ బృంద సభ్యుల నుంచి ఆశించదగిన విషయాల ఉపసంఘం. (సభ్యులు కళాశాల నుంచి ఏం ఆశించవచ్చో తేల్చడానికి మరో ఉపసంఘం కూడా ఉంది. దానికి ఇంకా గది దొరకలేదు.)

ఆ ఆశింపులన్నీ కాగితం మీద పెట్టే పని సంగీతం మాస్టారి నెత్తిన పడింది. ఆయన మెత్తని మనిషి. "వాయించని సమయమున సభ్యులు వాయించబోతున్నట్టు కనిపించవలెను", "సభ్యులు ప్రసన్న వదనముతో ఉండవలెను, ఊదువారికి మినహాయింపు కలదు" వంటివి రాశాక ఆయన అసలు సంగతికి వచ్చి, బీట్ ఎప్పుడూ ఆగకూడదనీ, ఆ బాధ్యత డ్రమ్స్ వాయించేవారిదనీ రాశారు. గుమాస్తా ఆ కాగితాన్ని తిప్పి పంపాడు. బీట్ అంటే కొట్టడమట. కొట్టడం ఎప్పుడూ ఆగకూడదని కళాశాల రాతపూర్వకంగా ఆశిస్తే తల్లిదండ్రులు ఏమనుకుంటారు? మాస్టారు నిట్టూర్చి శుభ్రమైన తెలుగులో తిరగరాశారు.

"బృందము వాయించుచున్నంతసేపును ఒకరు తాళము వేయుచునే ఉండవలెను. ఈ బాధ్యత డ్రమ్స్ విద్యార్థిది. తాళము వేయువారు క్షణమైనను ఏమరరాదు."

పాలకవర్గం దీన్ని ముక్తకంఠంతో ఆమోదించింది. తాళం మాట ఉంది కాబట్టి, అమలు కోసం గదుల అధికారికి పంపింది.

డ్రమ్స్ విద్యార్థి ఒక రొట్టెల కొట్టువాడి కూతురు. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది గానీ, కళాశాలలో చేరిన రోజున గుమాస్తా పేరడిగిన క్షణానే వెనక నుంచి ఎవరో "దరువూ!" అని పిలిచారు, ఆమె "ఆఁ" అంది. రికార్డుల్లో అదే ఎక్కింది. పేరుకు తగ్గ పిల్లే. బల్ల దొరికితే బల్ల, గిన్నె దొరికితే గిన్నె, ఏదీ దొరక్కపోతే తమ్ముడి వీపు. ఏడాది చివరి కచేరీలో వేదికెక్కి వాయిస్తేనే పాస్. పాసైతేనే వచ్చే ఏడాది బృందంలో చోటు. ఆ చోటు తప్ప దరువు ఈ లోకంలో ఇంకేమీ అడగలేదు. వాళ్ల నాన్నమ్మ మాత్రం పొద్దుటి ప్రార్థనలో దానితోపాటు పిల్లకు కాస్త ఒళ్లు చేసేలా చూడమని కూడా అడిగేది.

మొదటి సాధన రోజున గదుల అధికారి గుడ్డసంచీతో వచ్చాడు. సంచీలోంచి అరచేతికి పట్టనంత తాళంకప్ప తీశాడు.

"ఇక్కడ డ్రమ్స్ ఎవరమ్మా?"

"నేనే సార్."

"అయితే లోపలేం చేస్తున్నావు? బయటికి రా. ఇదిగో తాళం."

దరువు తాళం వంకా ఆయన వంకా చూసింది. "సార్, తాళం అంటే ఇది కాదు సార్."

"మరేది? ఇంకా పెద్దది కావాలా?"

"చేత్తో వేసేది సార్."

"ఇదీ చేత్తో వేసేదే. కాలితో వేస్తామా?"

"నేను కాలితో కూడా వేస్తాను సార్."

ఆ పిల్ల చెప్పింది నిజమే. పెద్ద డ్రమ్మును కాలితోనే వాయిస్తారు. కానీ అధికారి ఒక అడుగు వెనక్కి వేశాడు. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఆయన రకరకాల దొంగలను చూశాడు గానీ, తాళాన్ని కాలితో కూడా ఆడిస్తానని ఇలా ముఖం మీద చెప్పినవాళ్లను చూడలేదు.

మాస్టారు పరుగున వచ్చారు. "అయ్యా, చిన్న పొరపాటు. తాళమన్న మాటకు రెండు అర్థాలున్నాయి."

"నాకు తెలియదనుకున్నారా?" అధికారి సంచీలోంచి నిఘంటువు తీశాడు. (తయారుగా వచ్చినవాణ్ణి దేవుడు కూడా ఓడించలేడు, ఓడించాలనీ అనుకోడు.) "ఇదిగో, మొదటి అర్థం. ఇది మా విభాగానిది. రెండో అర్థం కావాలంటే ఆ విభాగం నుంచి ఉత్తరం తెండి."

"ఆ విభాగం నాదేనండీ."

"అంటే మీ కోసం మీరే ఉత్తరం రాసుకుంటారా? పెద్దమనుషులు చేసే పనేనా అది?"

మాస్టారు సిగ్గుపడ్డారు. ఎందుకు సిగ్గుపడ్డారో ఆయనకు ఆ రాత్రి దాకా అర్థం కాలేదు.

దరువు బయటికి వెళ్లి, తలుపు మూసి, గొళ్లెం పెట్టి, తాళం వేసింది. వేసి మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి అధికారి చక్కర్లు కొడుతూ వచ్చాడు.

"ఏం చేస్తున్నావు?"

"వేశాను కదా సార్."

"వేశావు. అంటే అయిపోయింది. అది భూతకాలం. ఇక్కడేమని ఉంది? వేయుచునే ఉండవలెను."

"వేసిన తాళాన్ని మళ్లీ ఎలా వేస్తాను సార్?"

"తియ్యి."

"తీస్తే నిబంధన తప్పినట్టు కాదా?"

"పిచ్చిపిల్లా, తీయకుండా వేయడం ఎవరి తరం? తీయడం వేయడంలో భాగమే."

ఆయన సగం దూరం వెళ్లి వెనక్కి తిరిగి, "ఏమరకు" అన్నాడు ఆప్యాయంగా.

అలా దరువు చదువు మొదలైంది. తాళం వేసేది, తీసేది, వేసేది. లోపల బృందం పరిస్థితి దారుణంగా ఉంది. ట్రంపెట్ ఊదే కుర్రాడు, వాణ్ణి అందరూ బూర అంటారు, పాట అందరికంటే ముందు ముగించి మిగతావాళ్ల కోసం ఎదురుచూసేవాడు. పియానో పిల్ల అందరికంటే వెనక వచ్చి, ఎందుకు ఆపేశారని అడిగేది. మాస్టారు ప్రసన్న వదనంతో ఉండేవారు. నిబంధన అది.

కొన్నాళ్లకు దరువు చేతులకు విసుగు పుట్టింది. విసుగు పుట్టిన చేతులు తమ దారి తాము చూసుకున్నాయి. తాళంచెవి తిప్పితే టిక్. కప్ప నొక్కితే టక్. గొళ్లెం జారితే ఖణేల్. మడమతో తలుపును తంతే ధబ్. ఆ నాలుగిటినీ ఆమె అటు వేసి ఇటు వేసి, ఒకదాన్ని ఆలస్యం చేసి, ఇంకొకదాన్ని ముందుకు జరిపి, కాస్త తూగేట్టు చేసింది. లోపల బూర ఊదుతూ ఊదుతూ కళ్లు పెద్దవి చేశాడు. పియానో పిల్ల వచ్చి అందుకుంది. మొదటిసారి అందరూ ఒకేచోట పాట ముగించారు. తలుపవతల నుంచి ఖణేల్ మని ముక్తాయింపు కూడా పడింది.

లోపలివాళ్లకు ఆమె కనబడదు, ఆమెకు వాళ్లు కనబడరు. కనబడనిదాన్ని నమ్ముకుని నడవడం భక్తులకు అలవాటే గానీ బూరలు ఊదే కుర్రాళ్లకు కొత్త. అయినా బాగానే నడిచారు. ఆ శబ్దం విని గదుల అధికారి కూడా ఎంతో సంతోషించాడు. ఇంత శ్రద్ధగా తాళం వేసే మనిషిని తన విభాగంలోనే చూడలేదన్నాడు.

"ఆయనకెలాగైనా చెప్పు దరువూ," అన్నాడు బూర, టీ కొట్టు దగ్గర.

"ఎన్నిసార్లని చెప్పను? ఆ మనిషి వినడు."

"ఎలా వింటాడులే. తాళానికన్నా చెవి ఉంది, ఆయనకు అదీ లేదు."

కచేరీ దగ్గరపడింది. ఎవరెవరు ఎక్కడ కూర్చోవాలో కళాశాల ఒక పటం గీసింది. అందులో దరువు లేదు. వేదికకు తలుపు లేదు కాబట్టి తాళం వేసేవారి అవసరం లేదని అధికారి దయతో ఆమెకు ఆ సాయంత్రం సెలవిచ్చాడు. దరువు ఆయన గదికి వెళ్లింది.

"సార్, వేదికెక్కకపోతే నేను తప్పుతాను. నన్ను డ్రమ్స్ దగ్గర కూర్చోనివ్వండి. ఇంక తాళలేను సార్."

"తాళలేవా?" అధికారి కలం తీశాడు. "అంటే తాళం వేయలేనంటావు. అదే మాట రాసివ్వు. నీ స్థానంలో ఇంకొకరిని పెట్టుకుంటాం."

దరువు రాసివ్వలేదు. ఇంటికెళ్లి పిండి కలిపే బల్ల దగ్గర ముఖం వేలాడేసుకుని కూర్చుంది. తండ్రి రొట్టెలు పొయ్యిలోకి తోస్తూ, "నేనొచ్చి మాట్లాడనా అమ్మలూ?" అన్నాడు.

"నువ్వొస్తే నీకూ ఒక తాళం ఇస్తాడు నాన్నా."

నాన్నమ్మ మూలన జపం ఆపి, "నేను ఇన్నేళ్లుగా దేవుణ్ణి తలుపు తీయమంటున్నా. ఆయనింకా తీయలేదు. అయినా రోజూ వెళ్లి తడుతూనే ఉన్నా. నువ్వూ తట్టవే," అంది.

తట్టే పని దరువుకు ఒకరు చెప్పాలా?

మర్నాడు మాస్టారు తన జీవితంలోకెల్లా సాహసోపేతమైన అర్జీ పెట్టారు. వేదిక మీద ఒక తలుపు కావాలి. అధికారికి అది సమంజసంగా తోచింది. తలుపులు కావాలని అడిగినవాళ్లను ఆయన ఎన్నడూ నొప్పించలేదు. వడ్రంగి వచ్చి జంట తలుపులు నిలబెట్టాడు. గోడల బదులు అటూ ఇటూ నల్లతెరలు కట్టారు. వేదిక మీద లోపల ఏది, బయట ఏది అన్న విషయం మీద చర్చ జరిగి, ప్రేక్షకులున్న వైపు లోపల అనీ, తలుపు వెనక బయట అనీ తీర్మానమైంది. తాళం వేయువారు బయట ఉండాలి. కాబట్టి దరువు వేదికెక్కింది, తలుపు వెనక.

డ్రమ్స్ మాత్రం వేదిక మధ్యలోనే, దుమ్ము దులిపి, ఖాళీ పీటతో పెట్టారు. జాజ్ బృందానికి డ్రమ్స్ ఉండాలని కూడా ఆశింపుల్లో ఉంది. వాయించాలని లేదు.

ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. తండ్రి చొక్కా మడతల్లో ఇంకా పిండి ఉంది. నాన్నమ్మ ముందు వరసలో కూర్చుని కళ్లు మూసుకుంది. బూర ఊదాడు, పియానో పిల్ల అందుకుంది, తలుపు వెనక నుంచి టిక్, టక్, ఖణేల్, ధబ్. చివరి పాట నడుమ అందరూ వాద్యాలు దించేసి పక్కకు తప్పుకున్నారు. తలుపు ఒక్కటే మిగిలింది. మొదట మెల్లగా, ఎవరో అర్ధరాత్రి ఇల్లు మరిచిపోయి వచ్చి తడుముకుంటున్నట్టు. తర్వాత గడియ, చెక్క, ఇనుము, మడమ, మోచెయ్యి అన్నీ కలిసి, లోపలికి రానివ్వమని అడిగి, బతిమాలి, చివరికి నవ్వుతూ పోట్లాడాయి. హాల్లో దగ్గినవాడు లేడు. అధికారి కూడా కుర్చీ చివరికి జరిగాడు. తాళం పాడవుతుందేమోనని.

తర్వాత జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తలుపు తెరుచుకోలేదు. వాయిస్తున్నంతసేపూ తాళం ఉండాలి, చప్పట్లు కూడా వాయింపు కిందికే వస్తాయని అధికారి ముందే చెప్పి ఉంచాడు.

బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకులు తమ అభిప్రాయాన్ని ఒక్క వాక్యంలో రాశారు. "తాళం అద్భుతం." వెంటనే గదుల అధికారికి సన్మానం జరిగింది. తాళంకప్పకు పతకం వచ్చింది. దాన్ని గాజు బీరువాలో పెట్టి, బీరువాకు తాళం వేశారు. (వేరే తాళం. పతకం వచ్చినదాన్ని ఇంక మామూలు పనులకు వాడరు.) దరువు పేరుకు ఎదురుగా పరీక్షకులు గైర్హాజరు అని వేశారు. పీట ఖాళీగా ఉంది కదా మరి.

తండ్రి, నాన్నమ్మ, దరువు కలిసి గదుల అధికారి దగ్గరికి వెళ్లారు. తలుపు వెనక ఎవరున్నారో ధ్రువీకరించాల్సింది తలుపుల విభాగమే. ఆయన ముగ్గురికీ కుర్చీలు వేయించాడు. నిజంగా మర్యాదస్తుడు.

"మీరే కదా సార్, నన్ను అక్కడ నిలబెట్టింది?"

"నిలబెట్టాను. కాదనను. నిలబడ్డావో లేదో నాకెలా తెలుస్తుందమ్మా? నేను లోపల, నువ్వు బయట. మధ్యన తలుపు. దానికి తాళం."

"హాలంతా విన్నారండీ," అన్నాడు తండ్రి. "నా కూతురు చేతి పని నాకు తెలియదా?"

"విన్నవాళ్లు ఎందరైనా ఉంటారు. చూసినవాళ్లు ఒక్కరుంటే తీసుకురండి, ఇప్పుడే సంతకం పెడతాను."

నాన్నమ్మ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. కోపంగా కాదు, అర్థం చేసుకుందామని.

"నాయనా, నేను దేవుణ్ణి చూడకుండానే నమ్మాను. నువ్వు చెవులారా విని కూడా నమ్మవేం?"

అధికారి ఆవిడకు మంచినీళ్ల గ్లాసు జరిపాడు. "నమ్మకం మా విభాగం కాదు పెద్దమ్మగారూ. మాది తలుపులు."

సాయంత్రానికి ఫలితాల కాగితం బోర్డు మీదికెక్కింది. బూర పాసయ్యాడు, పియానో పిల్ల పాసైంది. అందరికంటే కింద, గుమాస్తా గుండ్రటి చేతిరాతతో, "దరువు తప్పినది" అని ఉంది. ఏడాది పొడుగునా ఆ కళాశాల సంగీతం తెలిసినవాళ్లు మాట్లాడినట్టు మాట్లాడింది ఆ ఒక్కసారే. అదీ అబద్ధం.