కంప్యూటరును బాగుచేసిన నేరం

తిరుత్తణి దగ్గరి మా చేనేత సంఘం ఇరవై ఏడేళ్ళుగా పదిలంగా చూసుకుంటున్న కంప్యూటరును, తిరువళ్ళూరు నుంచి వచ్చిన శ్యామ్‌సుందర్ అనే మెకానిక్కు బాగుచేసి పాడుచేశాడని తెలియజేయడానికి చింతిస్తున్నాము. సంఘం కార్యదర్శిగా జరిగింది జరిగినట్టు రాయడం నా విధి.

ఆ కంప్యూటరు చీరల అంచులు గీయడానికి వచ్చింది. గ్రాఫు కాగితం మీది నమూనాను అందులోకి ఎక్కించి, తెర మీద చూసుకుంటూ, మగ్గం మీద అంచు నేయించే జకార్డు అట్టలకు చిల్లులు కొట్టేవాళ్ళు. ఏడాదిన్నర పనిచేసి ఆగిపోయింది. ఆగిపోయింది కదా అని వదిలేసే మనుషులం కాము. ప్రతి ఆయుధపూజకూ దానికి చందనం పూసి, కుంకుమ పెట్టి, సాంబ్రాణి వేసి, బొరుగులూ పుట్నాలూ బెల్లం పాకంలో కలిపి నెత్తిన పోశాము. ఫ్లాపీ పెట్టే సందులో తమలపాకు దోపాము. మగ్గానికి ఏ మర్యాదో దానికీ అదే మర్యాద. నిర్వహణ విషయంలో మమ్మల్ని వేలెత్తి చూపగలవాళ్ళు ఈ జిల్లాలో లేరు.

ఈ ఏడు చేనేత శాఖ నుంచి ఒక కాగితం వచ్చింది. మా పేరుమోసిన మామిడిమొగ్గ అంచును మొదట గీసినవారి పేరు నమోదు చేసి పంపమన్నారు, శాలువా కప్పి సన్మానిస్తామన్నారు. అధ్యక్షులు మురళీధరన్ గారు వినయంగా తమ తాతగారు శివరామయ్య గారి పేరు రాయించారు. తాతగారు మా ఊరికి కరెంటు రాకముందే కాలం చేశారు. ఆయన మగ్గం ముందు కూర్చోగా చూసినవాళ్ళు ఎవరూ బతికి లేరు గనుక అభ్యంతరం చెప్పేవాళ్ళూ లేకపోయారు.

ఒక్క పచ్చయమ్మ తప్ప. డెబ్బై ఏళ్ళ ఈ నేతగత్తె నేరుగా ఆఫీసుకు వచ్చింది.

"ఆ అంచు నేను గీసింది అయ్యా. ఈ పెట్టెలోకి ఎక్కించినప్పుడు నా పేరు గూడా ఏసినారు. నాకు శాలువా వద్దు, ఏమీ వద్దు. పేరు మాత్రం రాయండి."

అధ్యక్షులవారు చిరునవ్వు నవ్వారు. "కంప్యూటరు అబద్ధం చెప్పదు అవ్వా. అది ఎవురి పేరు చెప్తే ఆ పేరే రాస్తాము. కండిప్పా, తప్పకుండా." అది ఏ పేరూ చెప్పబోదని ఆయనకు గట్టి నమ్మకం. మాకూ అదే నమ్మకం.

పచ్చయమ్మ ఆ మాట పట్టుకుని రైలెక్కింది. తిరువళ్ళూరులో వాకబు చేసి, కొత్తవాటిని వదిలేసి పాత కంప్యూటర్లతోనే పొద్దుపుచ్చే శ్యామ్‌సుందర్‌ను వెంటబెట్టుకొచ్చింది. పదకొండుమంది కార్యవర్గ సభ్యుల సమక్షంలో అతను పెట్టె విప్పాడు. లోపల బెల్లం గడ్డకట్టి ఉంది. బొరుగుల మీద చీమలు, వాటి పక్కన ఎలుక కాపురం, కొరికేసిన తీగలు ఉన్నాయి.

"ఎవురయ్యా దీన్ని ఇంత భక్తిగా చంపినారు?" అన్నాడు. ఈ అమర్యాదను మినిట్స్‌లో నమోదు చేశాము.

రంగులేసే కుంచెతో దుమ్ము దులిపాడు. మెమరీ బిళ్ళను ఊడదీసి పిల్లల రబ్బరుతో రుద్దాడు. కుంకుమ తుడుస్తుంటే మేము అడ్డుచెప్పాము, వినలేదు. కరెంటు అందించే డబ్బాను మరో చచ్చిన కంప్యూటరులోంచి తెచ్చి తగిలించాడు. మీట నొక్కగానే ఒక కూత, తర్వాత కరకరమని చప్పుడు. తెర వెలిగింది. కాసేపు వెతికితే గడిగడిగా మామిడిమొగ్గ అంచు, దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో పచ్చయమ్మ పేరు వచ్చాయి.

ఆమెకు చదువు రాదు. "యాడ నాయినా? వేలు పెట్టి చూపించు," అంది. అతను ఆమె వేలు పట్టుకుని అద్దం మీద పెట్టాడు. ఆ వేలు అక్కణ్ణుంచి చాలాసేపు కదల్లేదు. నాకు కళ్ళు చెమర్చాయి. అది అజెండాలో లేని అంశం కాబట్టి తుడిచేసుకున్నాను.

అప్పుడు అధ్యక్షులవారి చూపు తెర మూలనున్న తేదీ మీద పడింది. 1980 జనవరి 1 అని ఉంది. ఆయన లేచి నిలబడి ప్రసంగించారు.

"పెద్దలారా, 1980లో మన ఊళ్ళో కంప్యూటరు యాడిది? ఈ పొద్దు ఏ పొద్దో తెలియని యంత్రానికి ఎవురి పేరు ఏదో తెలుస్తాదా? దీని మాట విని మా తాత పేరుకు మచ్చ తెస్తామా?"

"లోపల బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయింది అయ్యా," అన్నాడు శ్యామ్‌సుందర్. "అందుకే ఈ పొద్దు తేదీ తెలవదు. ఫైలుకు దాని తేదీ వేరేగా ఉండాది, 1998. చూడండి. బ్యాటరీ మారిస్తే ఈ పొద్దు తేదీ గూడా సరిగ్గా చూపిస్తాది."

బ్యాటరీ కొనాలంటే మూడు కొటేషన్లు తెప్పించాలి, కార్యవర్గం మళ్ళీ కూడాలి. సన్మానమేమో శుక్రవారం. అందువల్ల ఏకగ్రీవంగా తీర్మానించాము: ఇన్నేళ్ళు ఒక్క అబద్ధమూ ఆడని కంప్యూటరు మరమ్మతు తర్వాత అబద్ధాలకు దిగినందున, దాని కరెంటు తీగ పీకి అధ్యక్షులవారి బీరువాలో ఉంచవలెను. చక్కటి చేతిరాతతో నేనే రాశాను.

శుక్రవారం సభ ఘనంగా జరిగింది. మురుగన్ స్వామి స్వయంగా కలలోకి వచ్చి తాతగారికి అంచు గీసి చూపించిన వైనం వివరిస్తూ అధ్యక్షులవారు ఆయన తరఫున శాలువా కప్పించుకున్నారు. పదకొండుమందిమీ చప్పట్లు కొట్టాము.

గేటు దగ్గర పచ్చయమ్మ నన్ను ఆపింది. "నువ్వు చదివినావు గదా అయ్యా ఆ పొద్దు. నా పేరు ఉండాది గదా?"

"తేదీ తప్పుగా ఉండాది అవ్వా," అన్నాను.

ఆమె నా మొహం చూసి వెళ్ళిపోయింది. ఆ యంత్రం నోరు మూయించడానికి తీగ పీకవలసి వచ్చింది. చదవడం వచ్చిన మా పదకొండుమందికీ ఆ శ్రమ కూడా అవసరం కాలేదు.