నూట డెబ్బై ఓల్టుల సంగీతం

లో ఓల్టేజీని తిట్టేవాళ్లకు సంగీతం తెలియదని నా నిశ్చితాభిప్రాయం. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకునేంత నిదానంగా తిరుగుతోందని సబ్‌స్టేషన్‌కు ఫోన్లు చేస్తారే, వాళ్ల గురించే చెబుతున్నాను. చేతిలో వరం పెడితే వాసన చూసి పారేసే రకం!

నమ్మరా? అయితే మా మేనల్లుడు రవీందర్ ఆంప్లిఫయరు కొన్న సంగతి వినండి.

రవీందర్ గిటారు వాయిస్తాడు. పాల్వంచలో ఆర్కెస్ట్రా నడిపే ఉదయ్ భాస్కర్ వాడి వేళ్లు చూసి ముచ్చటపడ్డాడు. ఆదివారం కంపెనీ కాలనీలో ప్రోగ్రాం ఉంది, సొంత ఆంప్లిఫయరు తెచ్చుకుని వాయిస్తే ఆ రోజు నుంచి ట్రూపులో పర్మినెంటు అన్నాడు. రెండేళ్లుగా అడిగినవాళ్ల పెళ్లిళ్లన్నింటిలో ఊరికే వాయిస్తున్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

కల్లూరులో మైకుసెట్లు కిరాయికిచ్చే పిచ్చయ్య దగ్గర ఒకటి దొరికింది. లోపల గాజు బుడ్ల వాల్వులుండే పాతకాలపు సరుకు. ఎప్పుడో ఈ ప్రాంతానికి పనిమీద వచ్చిన విదేశీ ఇంజినీరు వదిలేసి వెళ్లిందట. డిగ్రీ చదివిన పాపానికి రవీందర్ నన్ను పరీక్షాధికారిగా వెంటబెట్టుకుపోయాడు.

ఎద్దును కొనేటప్పుడు ఎన్ని చూస్తామో అన్నీ చూశాం. చుట్టూ తిరిగాం. ఎత్తి చూస్తే నా నడుం పట్టేసింది కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు అసలుదేనని తేల్చాం. వెనక పలక విప్పి వాసన చూశాం, కాలిన కంపు లేదు. వాల్వు నెత్తిన లోపలివైపు వెండిపూత మెరవాలి, తెల్లబడితే గాలి దూరి చచ్చినట్టే. నాలుగూ నిగనిగలాడుతున్నాయి. స్పీకరు అట్టను ఎలుకలు ముట్టలేదు. పిచ్చయ్య భార్య సీతారావమ్మ వచ్చి సాక్ష్యం కూడా చెప్పింది: దాని మీద పెడితే చలికాలంలో కూడా పాలు గడ్డగా తోడుకునేవట. ఇంతకు మించిన గ్యారంటీ కార్డు ఏ కంపెనీ ఇస్తుంది?

ఇక వినడమే మిగిలింది. మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. గోడకున్న మీటరు ముల్లు నూట డెబ్బై దగ్గర పడుకుంది. వాల్వులు మెల్లగా కుంకుమరంగుకు తిరిగాయి. రవీందర్ తీగ మీటాడు.

ఏం చెప్పను! కాస్త బొంగురు, కాస్త తీపి. అడవితేనె గొంతులోంచి దిగుతున్నట్టుంది.

"మామా, గిసుంటి సౌండు నేను ఎన్నడూ ఇన్లే," అన్నాడు వాడు.

"ఫారిన్లో ఈ గొంతు కోసం ఓల్టేజీ తగ్గించే డబ్బా పనిగట్టుకుని కొంటారంట," అన్నాడు పిచ్చయ్య. "మనకి సర్కారోళ్లే తగ్గించి పంపుతున్నరు."

చూశారా! సంగీతం ఒక్కటేనా? మిక్సీ తిరగదు కాబట్టి ఇంట్లో రోటిపచ్చడి. ట్యూబులైటు వెలగదు కాబట్టి అన్నంలో పురుగులు పడవు. టీవీలో బొమ్మ నాలుగువైపులా ముడుచుకుపోతుంది కాబట్టి సీరియల్లో అత్తగారు కూడా అంత భయపెట్టదు. మోటారు నీళ్లు తోడదు, భూగర్భజలాలు భద్రం!

ఆదివారం సాయంత్రం, కొన్న ఆంప్లిఫయరు మోసుకుని కాలనీ స్టేజీ ఎక్కాం. అక్కడ లైట్లు మిట్టమధ్యాహ్నంలా ఉన్నాయి. ఫ్యాన్ల గాలికి పాటల కాగితాలు ఎగిరిపోతుంటే రాళ్లు పెట్టుకున్నారు. కంపెనీ లైను కదా, ఉండాల్సిన రెండువందల ముప్పై ఓల్టులూ ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు. మొదటి పాటకు ఆంప్లిఫయరు తేనెటీగల్లా రొద పెట్టింది. రెండో పాట పల్లవి దాటకముందే లోపల ఠప్పుమంది. తెల్లటి పొగ లేచింది. ముందువరసలో పిల్లలు చప్పట్లు కొట్టారు, అది ప్రోగ్రాంలో భాగమనుకుని.

కాలనీ ఎలక్ట్రీషియన్ జంపయ్య పలక విప్పి, పగిలిన కెపాసిటరును అరచేతిలో పెట్టుకుని జాలిగా చూశాడు.

"ఎన్నేండ్ల సంది అర్ధాకలితోని పెట్టిన్రు దీన్ని? ఒక్కపాలి కడుపునిండ పెడితే తట్టుకుంటదా?"

నేను పట్టుకోలేకపోయిన జబ్బు అదే. అరకొర కరెంటు మీద పరీక్షిస్తే లోపల కుళ్లినది కూడా తియ్యగానే పలుకుతుందట. ఉదయ్ భాస్కర్ గిటారు చోట కీబోర్డు వాయించి ప్రోగ్రాం గట్టెక్కించాడు. రవీందర్‌ను మాత్రం ట్రూపులోంచి తీసేయలేదు. వైర్లు చుట్టే పని ఇచ్చాడు.

దీన్నిబట్టి నాకు జ్ఞానోదయమైంది. హైటెన్షన్ తీగలు మా పొలాల మీదుగా పోతూ కూడా మా ఊళ్లలో ఎందుకు దిగవంటే, అది మా మీద ప్రేమ! అలవాటు లేనివాళ్లం, మా బల్బులూ మోటార్లూ మేమూ ఒకేసారి ఠప్పుమంటామని పెద్దల భయం.

కాబట్టి అయ్యా, పూర్తి కరెంటు శాశ్వతంగా ఇమ్మని అడగను. ఒక్క ఏడాది ఇచ్చి చూడండి. మాకు పడకపోతే, మేమే లారీ మాట్లాడి మర్యాదగా వెనక్కి పంపించేస్తాం.