స్టేటస్ ఉండగా కారుకు తాళమెందుకు?

హన్మకొండ గల్లీల్లో పడవలు తిరిగిన వరదకు మరుసటి ఏడాది జరిగిందిది. అప్పటి నుంచి నేను చెబుతున్నది ఒక్కటే: కారుకు తాళం వేసేవాడంత అమాయకుడు లోకంలో లేడు!

గేర్ లాకు, స్టీరింగ్ లాకు, కుయ్యోమని మొత్తుకునే అలారం... ఎందుకండీ ఇవన్నీ? కోడలి చేతిలో ఒక సెల్లు, కొడుకు చేతిలో ఇంకో సెల్లు ఉంటే చాలదా? మూడో తరగతితో బడి మానేసిన నాకే అర్థమైంది, మీకు అర్థం కాదా?

మా మడికొండ ఇంటికి కారు వచ్చింది నా భార్య ఇమాంబీ కోసం. వరదప్పుడు ఆమెకు జ్వరమొస్తే దవాఖానకు పోవడానికి ఒక్క ఆటో దొరకలేదు. మరుసటేడు ఆమె కళ్లకు పొర వచ్చింది, ఆపరేషన్ చేయాలన్నారు. వెంటనే మా కొడుకు మతీన్ ఒక పాత కారు కొన్నాడు. అమ్మను దవాఖానకు తిప్పడానికే.

కారు వాకిట్లో ఆగిందో లేదో, మా కోడలు సబియా కాపలా మొదలుపెట్టింది. నంబరు ప్లేటు ఫొటో. తాళంచెవి ఫొటో. తాళంచెవి తగిలించే మేకు ఫొటో! రామప్ప గుడి చూడటానికి పోతే, పాలంపేటలో దిగగానే స్టేటస్: కారు చెట్టు కింద, మేము లోపల, సాయంత్రం దాకా బయటికి రాము.

దొంగకు ఇంతకన్నా మర్యాద ఎవరు చేస్తారు? కానీ ఆలోచించండి. దొంగ అంటే గోడ దూకి, కుక్కకు బిస్కెట్ వేసి, కష్టపడి బతికేవాడు. అన్నీ మనమే చెప్పేస్తే అతనికి అనుమానం రాదా? ఇదేదో పోలీసుల పన్నాగం అనుకొని పక్క వీధికి పోతాడు. అక్కడ తాళం వేసిన కారు ఉంటుంది, పాపం!

ఇంకో లాభం. నా కారు ఎక్కడుందో నాకు తెలియకపోయినా ఊరికి తెలుసు. కటింగ్ షాపు మధు నా గడ్డం గీస్తూ, "మీ బండి ఇప్పుడు కాజీపేట బ్రిడ్జి మీదున్నది తాతా, ఏసీ గూడ వేసిండ్రు" అన్నాడు.

ఇక ఆపరేషన్‌కు ముందురోజు సంగతి. పొద్దున నమాజు చదివొచ్చి అరుగు మీద కూర్చున్నాను. మా చెల్లెలి కొడుకు మజర్ వచ్చాడు.

"మామూ, మా దోస్తు నిఖిల్‌ది ఇయ్యాల పెండ్లి, రఘునాథపల్లిల. పెండ్లికొడుకు బండి ఖరాబైంది. జర మీ బండి ఇయ్యరాదు! పొద్దుగూకకముందే తెచ్చి నిలబెడ్త."

పెండ్లికొడుకు బండి అంటే కాదనే ఇల్లు మా దిక్కున లేదు. మేకు వైపు చూపించాను. తీసుకుపోయాడు.

కాసేపటికి సబియా తలుపు తీసింది. వాకిట్లో కారు లేదు. మతీన్ ఇంకా లేవలేదు గానీ, ఆమె ఫోన్ లేచింది.

"ఫ్రెండ్స్, మా కారు పోయింది! రేపే మా అత్తమ్మ ఆపరేషన్! జల్ది షేర్ చేయుండ్రి!"

"బిడ్డా, కారు..." అన్నాను.

"మామా, జర ఆగుండ్రి, లైవ్ నడుస్తాంది."

మతీన్ కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "కొడుకా, మజర్..." అన్నాను.

"అబ్బాజాన్, నువ్వు ఫికర్ చేయకు. అన్ని గ్రూపులల్ల పెడ్తాన."

రోజు మొత్తానికి నాకుండే మాటలే కొన్ని. అందులో సగం అప్పటికే ఖర్చయ్యాయి.

పోస్టు ఊళ్లు దాటింది. ఒకరు చేతులు జోడించారు. ఇంకొకరు ఫొటో మాత్రమే చూసి, "కంగ్రాట్స్, కలర్ మస్తున్నది" అన్నారు. ఇమాంబీని కూడా ముందుకు లాగారు. "అత్తమ్మా, ఫ్రేముల వస్తలేరు. ఇటు జరిగి, జర ఏడ్వుండ్రి."

ఇమాంబీకి నాలాగే సెల్లు లేదు, చూపు కూడా సరిగ్గా లేదు. తడుముకుంటూ నా దగ్గరికొచ్చింది.

"ఏమయ్యా, నీకేమన్న ఎర్కనా, బండి ఏడ వోయిందో?"

"మజర్ తీసుకపోయిండు."

"గా మాట ముందే చెప్పరాదా?"

"చెప్పనిస్తాండ్రా? నువ్వొక్కదానివే అడిగినవ్."

ఇద్దరం కలిసి చెప్పబోయాం. మళ్లీ లైవ్ మొదలైంది.

మధ్యాహ్నానికి హైదరాబాద్ రోడ్డు మీద జనం, పోస్టులో ఫొటో చూసి, కారును పట్టుకున్నారు. నంబరు మీద బంతిపూల దండ వేలాడుతోంది. నంబరు దాచినవాడు దొంగ కాక ఎవడు? బాసింగం కట్టుకున్న నిఖిల్ "నేను పెండ్లికొడుకునన్నా!" అంటే, "సూడుండ్రి, ఏం వేషమేసిండో!" అన్నారట. బండి మా మామూదేనని మజర్ ఎంత మొత్తుకున్నా వినలేదట. చివరికి పోలీసులు వచ్చి నమ్మాక, వాళ్ల జీపులోనే నిఖిల్ మంటపానికి చేరాడు. పెండ్లి అయితే అయింది. కారు మాత్రం ఠాణాలో ఆగింది. కాగితాలు చూసి మర్నాడు మధ్యాహ్నం ఇస్తామన్నారు.

చూశారా, భద్రతంటే ఇదీ! దొంగకు అందలేదు. మాకూ అందలేదు.

తెల్లవారి ఇమాంబీకి చెప్పులు తొడిగి, ఆటో పిలిచాను. లోపల సబియా "కారు దొరికింది" అని లైవ్ చెబుతోంది. మతీన్ షేర్ చేసినవాళ్లందరికీ థాంక్స్ కొడుతున్నాడు. "పోయొస్తం" అన్నాను. ఒకసారి గట్టిగానే అన్నాను.

ఇక లాభం లేదని పక్కింటి రమాకాంత్‌ను బతిమాలి కాలనీ గ్రూపులో పెట్టించాను: "అబ్బాస్ తన భార్యను ఆపరేషన్‌కు ఆటోల తీసుకపోతాండు. వాళ్లింటోళ్లకు ఎర్క జేయుండ్రి."

ఆటో కదలకముందే జవాబొచ్చింది. మా ఇంటి నుంచే.

"ఏమంటాండ్రు?" ఇమాంబీ అడిగింది.

రమాకాంత్ ఫోన్ నా ముందుకు తిప్పాడు. పైకి లేపిన బొటనవేలు బొమ్మ ఒకటి ఉంది.

"పైలంగ పోయి రమ్మంటాండ్రు" అని చెప్పి, ఆటో పోనిమ్మన్నాను.