సముద్రం మూడుసార్లు వెనక్కి తగ్గిన చోటు

తీరమైదానంలో కొత్త కాలనీ కట్టేముందు నేల చరిత్ర తెలుసుకోవాలని అధికారులు నిర్ణయించడం ఎంతైనా హర్షణీయం. పునాదిరాయి అప్పటికే వేసేశారు కాబట్టి పరిశోధనకు తొందరేమీ లేదు.

యంత్రం పన్నెండు మీటర్ల లోతుకు గొట్టం దించి, చెరుకుగడల్లాంటి మట్టికడ్డీలను పైకి తీసింది. వాటిని పరీక్షించే పని భూగర్భశాఖలోని ఒక పరిశోధకురాలిది. ఆమె మూడు నెలలపాటు మట్టిని సన్నజల్లెడలో కడిగి, మిగిలిన ఇసుకలోంచి సూదిమొనంత గవ్వలను తడికుంచెతో ఒక్కొక్కటే ఏరింది. శాఖలో ఇంకెవరూ అంత పని చేయనందువల్ల, పాపం ఆమెకు ఉద్యోగం చేయడం తెలియదని అందరూ జాలిపడ్డారు.

ఆ గవ్వలు లోతుసముద్రంలో తప్ప బతకని సూక్ష్మజీవులవి. నది తెచ్చిన ఒండ్రుమట్టి నడుమ మూడు ఇసుకపొరల్లో దొరికాయి. అంటే, సముద్రం మూడుసార్లు ఉన్నట్టుండి ఈ నేలమీద విరుచుకుపడింది. ఆమె అదే రాసి, ఇక్కడ ఇళ్లు కట్టరాదని సంతకం పెట్టింది.

డైరెక్టరుగారు నివేదికను రెండుసార్లు చదివారు. ఆయన సర్వీసులో అదొక రికార్డు.

"మూడుసార్లు వచ్చిందంటున్నావు. మరి వెళ్లిందా లేదా అమ్మా?"

"వెళ్లిందండీ, కానీ..."

"వెళ్లిందిగా! ఆ ముక్క రాయవేం? సగం నిజం రాయడం శాస్త్రజ్ఞులకు తగదు," అంటూ ఆయన కలం తీసి ఆ ముక్క చేర్చి, మిగతా వాక్యాలు కొట్టేయసాగారు.

"మిగతా సగం మీరు కొట్టేస్తున్నారు కదండీ?"

"కొట్టేయడం కాదమ్మా, క్లుప్తం చేయడం."

'ఈ చోట సముద్రం మూడుసార్లు వెనక్కి తగ్గింది' అన్న ఒక్క వాక్యం, దాని కింద ఆమె సంతకం, కరపత్రాలుగా ఊరంతా పంచారు. "సముద్రమే మనకు మూడుసార్లు దారిచ్చింది!" అని కాలనీ అధ్యక్షులు సభలో గర్జించారు. జనం చప్పట్లు కొట్టారు.

ఆమె పైవాళ్లకు ఫిర్యాదు చేసింది. వెంటనే కమిటీ వేశారు. కమిటీ మట్టికడ్డీలను తెప్పించుకుని, కింద ఉంచితే ఎప్పుడైనా నీళ్లొస్తాయని మూడో అంతస్తులో భద్రపరిచింది.

ఒకరోజు ఆమె తమ్ముడు ప్రయోగశాలకు వచ్చాడు.

"అక్కా, కాలనీలో ప్లాటు కొన్నా. నీ సంతకం చూసే కొన్నా. ఇంకెవరి మాటా నమ్మలేదు."

ఆమె అతణ్ణి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, గవ్వలు చూపించి, జరిగినదంతా చెప్పింది. అతను చాలాసేపు కన్ను తీయలేదు.

"నిజమేనా?"

"నిజమేరా. నువ్వూ పిల్లలూ అక్కడుంటే నాకు కంటిమీద కునుకుండదు."

అతను లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"చెప్పి మంచిపని చేశావక్కా. ఆ ప్లాటు అమ్మేదాకా ఇంకెవరికీ చెప్పకు."

వారంలో అమ్మేశాడు. ఆమె మనసు ఊరుకోక, కొన్న మాస్టారి ఇంటికి స్వయంగా వెళ్లి నిజం చెప్పింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని, చేతులు జోడించి, తనూ అమ్ముకునేదాకా ఓపిక పట్టమన్నాడు. ఆయన తర్వాతి ఆసామీ కూడా అంతే మర్యాదగా అడిగాడు.

ఆ ప్లాటు ఇప్పటికి ఏడు చేతులు మారింది. సత్యం ఇంతమందికి ఇంత త్వరగా చేరిన ఊరు మరొకటి లేదు. ధర కూడా బాగా పెరిగింది.