మూడోసారి మేతగాలం

ఏప్రిల్ ఎండలు ముదరగానే గుల్లపాడు చెరువులోని చేపలు, ఏటా చేసినట్టే, మనుషుల కోసం గట్టు మీదికి మేతగాలాలు విసరడం మొదలుపెట్టాయి.

మేతగాలం అంటే గుప్పెడంత తీగబుట్ట. దాన్నిండా మేత కూరి, వెనక జానెడు తాడుకి చిన్న కొక్కెం, ముందు చెరువులోంచి లాగడానికి పొడవాటి తాడు కడతాయి. బుట్ట గట్టు మీద పడగానే మేత చెదురుతుంది, వాసన ఊళ్ళోకి పోతుంది, జనం మూగుతారు. చలికాలంలో ఈ పని సాగదు. మనుషులు దుప్పట్లలోంచి కదలరు. ఎండాకాలమైతే ఇంట్లో ఉడుకు భరించలేక పొద్దున్నే నీళ్ళ పక్కకి చేరతారు. అందుకని ముందు కొన్నాళ్ళు కొక్కెం లేకుండా, అదే చోట, అదే వేళకి బుట్టలు వేసి అలవాటు చేస్తాయి.

గుల్లపాడు వాళ్ళు చేపల్ని పెంచిన రోజుల్లో చేసిందీ ఇదే. తవుడు సంచులు అదే వెదురుబొంగుకి, అదే వేళకి కట్టేవారు. "మన దగ్గరే నేర్చుకున్నాయి" అని పెద్దవాళ్ళు కాస్త గర్వంగానే చెప్పుకుంటారు.

నిబంధనలు తీరశాఖ పెట్టింది. మేత మనిషి రుచికి తగ్గట్టుండాలి. గాలానికి తగులుకున్న మనిషి మర్యాదకైనా కాసేపు గింజుకోవాలి. బరువు చాలనివాళ్ళని నొప్పి కలగకుండా గట్టు మీద వదిలెయ్యాలి. మూడుసార్లు వదిలేసిన మనిషికి చెవి మీద గాటు పెడతారు. ఆ మనిషికి ఇక గాలం పడదు.

నాంచారమ్మని ఇప్పటికే రెండుసార్లు వదిలేశాయి. ఒకప్పుడు ఆమె ఐసు షెడ్డులో చేపల్ని పెట్టెల్లో సర్దేది. ఇప్పుడు ఆ షెడ్డు లేదు, ఆ పనీ లేదు. రేకుల ఇంట్లో మధ్యాహ్నం మనిషి ఉడికిపోవడం తప్ప మిగిలిందేమీ లేదు. చెరువులోకి వెళ్ళినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు. బాగుండబట్టే రాలేదని ఊరంతా అనుకుంటారు. అందుకే ఈ ఏడు పడిన ప్రతి బుట్ట దగ్గరా ఆమె ముందు నిలబడి, ఆకలి లేకపోయినా తింది.

నిన్న బుట్ట పడలేదు. దాంతో ఊరు ఊగిపోయింది. పట్టుబడికి ముందురోజు మేత ఆపుతారని, కడుపు ఖాళీగా ఉంటే సరుకు పాడవదని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ఆడవాళ్ళు తలంటుకున్నారు. మగవాళ్ళు చొక్కాలు ఇస్త్రీ చేయించుకున్నారు.

తెల్లారేసరికి గట్టు నిండిపోయింది.

"ఏంటొదినా, పట్టుచీర కట్టేసేవ్? తడిస్తే బరువెక్కుద్దనా?" అని నాంచారమ్మని అడిగింది పక్కింటి గంగారత్నం.

"నీకేం వదినా, నువ్వు నిలబడితేనే కాటా ఇరిగిద్ది. నా గుండె చూడు ఎలా కొట్టుకుంటందో."

"కొట్టుకోనీలే. ముందు నువ్వెల్తే మాత్రం నీ పక్కన నాక్కాస్త చోటుంచు. తువ్వాలేసైనా ఆపు" అంటూ గంగారత్నం తన తువ్వాలు ఆమె భుజాన వేసింది.

అప్పుడే బుట్ట వచ్చి నాంచారమ్మ కాళ్ళ దగ్గర పడింది. అల్లప్పెసరట్టు. ఆమె వంగి నోట్లో పెట్టుకుంది. పెదవి దగ్గర చురుక్కుమంది. తాడు బిగిసింది.

"పడిందోయ్! నాంచారమ్మ పడింది!"

"గింజుకో వదినా! మరీ తేలిగ్గా ఎల్లిపోతే చులకనైపోతావ్!"

నాంచారమ్మ గట్టు మీది మునగచెట్టుని వాటేసుకుంది, వదిలింది, మళ్ళీ పట్టుకుంది. అవతల లాగుతున్నది చెరువులోకెల్లా పెద్ద బొచ్చెచేప. జనం ఈలలు వేశారు. చివరికి చెట్టు వదిలేసి బురదలో జారుకుంటూ వెళ్ళి నీళ్ళ అంచున ఆగింది. శాఖ ఇన్‌స్పెక్టరు ఫణిభూషణం గొడుగు కింద నుంచి లేచి ఆమెని కాటాకి తగిలించాడు. ముల్లు కదిలింది. ఆగింది. నాంచారమ్మ ఊపిరి బిగపట్టింది. ముల్లు మళ్ళీ కాస్త కదిలింది. బొచ్చె నోరు తెరిచి మూసింది.

"సరిపోయారమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గట్టంతా చప్పట్లు. నాంచారమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బొచ్చె ఆమెని రెండు రెక్కల మీదా ఎత్తి పట్టుకుని ఫొటో దిగింది.

"లోపలెలా ఉంటదండీ?" అని అడిగింది నాంచారమ్మ.

"ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదూ రాలేదమ్మా" అన్నాడతను.

నీళ్ళు మోకాళ్ళకి, నడుముకి, మెడకి వచ్చాయి. దిగినకొద్దీ చల్లదనం. అడుగున పెట్టెలు వరసగా ఉన్నాయి. వాటి నిండా ఐసు. వాటిలో ముందు వెళ్ళిన ఊరివాళ్ళందరూ కళ్ళు తెరుచుకుని, కదలకుండా, ఎంతో ప్రశాంతంగా ఉన్నారు. అబ్బ, ఎంత చల్లగా ఉందో అనుకుంది నాంచారమ్మ. ఎలా పడుకోవాలో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఒకరి తల పక్కన ఇంకొకరి కాళ్ళు వచ్చేలా సర్దితే పెట్టెకి మరొకరు పడతారు. కాళ్ళు ముడుచుకుని, ఒక వారకి ఒత్తిగిలి, భుజం మీది తువ్వాలు తీసి పక్కన పరిచింది.

పైన మళ్ళీ కేకలు మొదలయ్యాయి. అందరికంటే గట్టిగా గంగారత్నం గొంతు వినిపిస్తోంది. గింజుకుంటోంది, మర్యాదకి.